నడుము సాగదీయడం: ఎప్పుడు, ఎంత, ఎక్కడి వరకు

తెల్లవారి మెలకువ వస్తుంది. నడుము కర్రలా బిగుసుకుపోయి ఉంటుంది. మంచం దిగి, కాళ్లు దగ్గరగా పెట్టి, మోకాళ్లు వంచకుండా ముందుకు వంగి కాలివేళ్లను అందుకునే ప్రయత్నం చేస్తారు చాలామంది. అందకపోతే రెండు మూడు ఊపులు ఊపుతారు. బడిలో డ్రిల్లు మాస్టారు నేర్పింది అదే. నడుము పట్టు వదిలించుకోవడానికి ఇంతకంటే సహజమైన పని లేదనిపిస్తుంది. కానీ వెన్నెముక వైపు నుంచి చూస్తే ఇందులో మూడు పొరపాట్లు ఉన్నాయి. మొదటిది వేళ, రెండోది ఊపు, మూడోది వంగిన తీరు. ఈ మూడూ ఎందుకు పొరపాట్లో అర్థమైతే, ఇంట్లో చాప పరుచుకుని ఏది చేయవచ్చో, ఏది చేయకూడదో చాలావరకు ఎవరికి వారే తేల్చుకోవచ్చు.

ఉదయం పూట వెన్నెముక వేరు

వెన్నుపూసల మధ్య మెత్తల్లాంటి డిస్కులు ఉంటాయి. ఒక్కో డిస్కు నడుమ జిగురుగా ఉండే గుజ్జు, దాని చుట్టూ ఉల్లిపొరల్లా పేర్చినట్టు గట్టి పీచు వలయాలు ఉంటాయి. ఆ గుజ్జుకు నీటిని పీల్చుకునే గుణం ఉంది. పగలంతా శరీర బరువు మీద పడి అందులోని నీరు కొద్దికొద్దిగా బయటికి పోతుంది. రాత్రి పడుకున్నాక బరువు తొలగి నీరు తిరిగి చేరుతుంది. ఉదయం లేవగానే మనిషి ఎత్తు సాయంత్రం కంటే ఒకటి, రెండు సెంటీమీటర్లు ఎక్కువగా ఉండడానికి కారణం ఇదే. ఈ అదనపు ఎత్తులో సగానికి పైగా లేచిన మొదటి గంటలోనే తగ్గిపోతుంది. బరువే తెలియని అంతరిక్షంలో వ్యోమగాములు ఐదు సెంటీమీటర్ల వరకు పొడవవుతారు. అక్కడికి వెళ్లిన తొలి రోజుల్లో వారిలో చాలామందికి నడుము నొప్పి రావడం కూడా తెలిసిన విషయమే.

జర్మనీలోని ఉల్మ్‌లో హాన్స్ యోవాఖిమ్ విల్కె బృందం ఒక వ్యక్తి నడుము డిస్కులో పీడనాన్ని కొలిచే సన్నని పరికరాన్ని అమర్చి, 24 గంటల పాటు రకరకాల పనుల్లో కొలతలు తీసుకుంది. ఆ ఫలితాలు 1999లో వెలువడ్డాయి. పడుకున్నప్పుడు డిస్కులో పీడనం 0.1 మెగాపాస్కల్. రాత్రి నిద్ర ముగిసేసరికి, ఏ పనీ చేయకుండానే, అది 0.24కు పెరిగింది. నిలబడితే 0.5, నిలబడి ముందుకు వంగితే 1.1. నడుము వంచి 20 కిలోల బరువు ఎత్తితే 2.3, అదే బరువును మోకాళ్లు వంచి ఎత్తితే 1.7. కొలిచింది ఒక్క మనిషిలోనే కాబట్టి ఈ అంకెలు అందరికీ అచ్చంగా వర్తించవు. అయినా ఏ పని కంటే ఏ పని బరువో చెప్పడానికి ఇవి పనికొస్తాయి.

నీటితో బిగువుగా నిండిన డిస్కు వంగడానికి మొరాయిస్తుంది. బ్రిటన్ పరిశోధకులు మైఖేల్ ఆడమ్స్, ప్యాట్రీషియా డోలన్, వారి సహచరులు 1987లో వేసిన లెక్క ప్రకారం, ముందుకు వంగినప్పుడు డిస్కుపై పడే ఒత్తిడి మిగతా రోజుతో పోలిస్తే తెల్లవారుజామున సుమారు 300 శాతం అధికం. వెన్నుపూసలను ఒకదానితో ఒకటి కట్టి ఉంచే లిగమెంట్లపై ఒత్తిడి 80 శాతం అధికం. అంటే నిద్ర లేవగానే అనిపించే బిగుసు అంతా కండరాలది కాదు, అందులో డిస్కుల వాటా కూడా ఉంది. అది కాసేపు లేచి తిరిగితే దానంతట అదే సడలుతుంది. అమెరికాలో స్టోవర్ స్నూక్ బృందం దీర్ఘకాలంగా నడుము నొప్పితో ఉన్నవారికి ఉదయపు తొలి గంటల్లో ముందుకు వంగడం మానేయమని చెప్పి చూసింది. వారిలో నొప్పి తగ్గిందని 1998లో ప్రకటించింది. మందు లేదు, కొత్త వ్యాయామమూ లేదు.

కాబట్టి నడుమును సాగదీసే పని లేచిన వెంటనే కాకుండా, కనీసం గంట గడిచాక పెట్టుకోవడం మంచిది. సాయంత్రమైతే ఇంకా హాయి. పక్క మీద ఉండగానే చేతులు పైకి చాచి ఒళ్లు విరుచుకోవడానికి మాత్రం ఏ అభ్యంతరమూ లేదు, అందులో నడుము ముందుకు వంగదు. తెల్లవారగానే వాకిలి ఊడ్చి ముగ్గు పెట్టేవారికి ఈ వాయిదా కుదరదు. వారు లేచాక ఇంట్లో అటూ ఇటూ నాలుగు అడుగులు వేసి, పొట్టి చీపురుకు బదులు పొడవు కర్ర చీపురు వాడినా నడుముకు చాలా ఊరట.

ఊపుతో ఏమవుతుంది

వెన్నెముకకు రెండు వైపులా మెడ నుంచి తుంటి వరకు తాళ్లలా సాగిన కండరాలు శరీరాన్ని నిటారుగా నిలుపుతాయి. వీటిలో, నిజానికి శరీరాన్ని కదిలించే దాదాపు అన్ని కండరాల్లోనూ, కదురు ఆకారంలో సూక్ష్మమైన గ్రాహకాలు దాగి ఉంటాయి. కండరం ఎంత సాగింది, ఎంత వేగంగా సాగుతోంది అన్న కబురును అవి క్షణక్షణం వెన్నుపాముకు పంపుతుంటాయి. కండరం ఒక్కసారిగా సాగితే, తెగిపోతుందేమో అన్నట్టు వెన్నుపాము వెంటనే ‘ముడుచుకో’ అని ఆజ్ఞ పంపుతుంది. మెదడు దాకా వెళ్లే పని కూడా లేదు. డాక్టరు మోకాలి కింద చిన్న సుత్తితో తట్టగానే కాలు ఎగిరిపడేది ఈ చర్య వల్లే. దీన్ని 1924లో లిడెల్, చార్లెస్ షెరింగ్టన్ అనే ఇంగ్లండ్ శాస్త్రవేత్తలు వివరించారు. నాడీకణాల పనితీరుపై చేసిన కృషికి షెరింగ్టన్ 1932లో నోబెల్ బహుమతి పంచుకున్నారు.

ఊపుతో వంగేటప్పుడు జరిగేది అదే. సాగదీయాలనుకున్న కండరమే ఎదురు తిరిగి బిగుసుకుంటుంది. నెమ్మదిగా వెళ్లి, కొద్దిగా లాగుతున్నట్టు అనిపించిన చోట ఆగితే ఆ గ్రాహకాల గోల తగ్గుతుంది.

ఇంకో సంగతి ఉంది, ఇది చాలామంది వ్యాయామ శిక్షకులకు కూడా కొత్తగా అనిపించవచ్చు. కొన్ని వారాలు సాధన చేస్తే శరీరం మునుపటి కంటే ఎక్కువ వంగుతుంది. కండరం పొడవు పెరిగింది కాబట్టే అలా జరిగిందని సాధారణంగా అనుకుంటారు. కానీ 2010లో వెప్లర్, మాగ్నుసన్ అనే పరిశోధకులు అప్పటివరకు వచ్చిన అధ్యయనాలను సమీక్షించి, కొద్ది వారాల సాధనలో కనిపించే మార్పుకు ప్రధాన కారణం కండరం పొడవు కాదని, సాగడాన్ని ఓర్చుకునే హద్దు పెరగడమేనని తేల్చారు. మారేది ఎక్కువగా నాడీ వ్యవస్థ. అది నమ్మితేనే ఇంకాస్త దూరం వెళ్లనిస్తుంది. పళ్లు బిగబట్టి, నొప్పిని భరించి లాగితే ఆ నమ్మకం కలగదు సరికదా, మర్నాడు నడుము మరింత పట్టేస్తుంది.

ఎంతసేపు పట్టి ఉంచాలి? తొడ వెనక కండరాలపై బ్యాండీ, ఐరియన్ 1994లో చేసిన ప్రయోగంలో 15 సెకన్ల కంటే 30 సెకన్లు మేలని, 60 సెకన్లు పట్టి ఉంచినా 30 సెకన్లకు మించి లాభం లేదని తేలింది. ఇంట్లో చేసుకునేవారికి 30 సెకన్లు అంటే నిదానంగా ఐదారు శ్వాసలు. గడియారం చూడనక్కర్లేదు.

కాలివేళ్లు అందుకుంటే సాగేది ఏది

మూడో పొరపాటు అన్నిటికంటే ఆసక్తికరమైనది. 1955లో ఫ్లాయిడ్, సిల్వర్ అనే బ్రిటన్ శాస్త్రవేత్తలు వీపు కండరాలపై ఎలక్ట్రోడ్లు అంటించి, మనుషులను ముందుకు వంగమన్నారు. వంగుతున్నంతసేపూ కండరాల్లో విద్యుత్ సంకేతాలు జోరుగా కనిపించాయి. పూర్తిగా వంగిపోయాక ఉన్నట్టుండి సంకేతాలు ఆగిపోయాయి. కండరాలు పని మానేశాయి. మరి పైశరీరం బరువును మోస్తున్నది ఎవరు? లిగమెంట్లు, డిస్కుల వెనక భాగం, వీపు కండరాలను కప్పి ఉంచే దళసరి పొర.

నిలబడి కాలివేళ్లు అందుకుని వేలాడే మనిషి వీపు కండరాలకు మేలు చేస్తున్నానని అనుకుంటాడు. ఆ క్షణంలో భారం మోస్తున్నది మాత్రం సాగదీయకూడని లిగమెంట్లు. లిగమెంట్ పని పట్టి ఉంచడం. అది వదులైతే కీలుకు ఆధారం తగ్గుతుంది. మెక్‌గిల్, బ్రౌన్ 1992లో కెనడాలో చేసిన ప్రయోగంలో 20 నిమిషాల పాటు పూర్తిగా వంగి కూర్చున్నవారి నడుము, లేచిన రెండు నిమిషాల తర్వాత కూడా పోయిన బిగువులో సగం మాత్రమే తిరిగి పొందింది.

తెలుగు నేల మీద ఈ ప్రయోగం ప్రతి ఏటా పొలాల్లో జరుగుతూనే ఉంటుంది. వరి నాట్లు వేసే స్త్రీలు గంటల తరబడి సరిగ్గా ఈ భంగిమలోనే ఉంటారు. గట్టెక్కగానే నడుముపై చేతులు ఆనించి వెనక్కి వాలడం వారికి ఎవరూ నేర్పలేదు. అది మంచి అలవాటే. ప్రమాదం ఎక్కడంటే, ఆ వెంటనే నారుకట్టల బుట్టో నీళ్ల బిందెో నెత్తికి ఎత్తుకోవడంలో ఉంది. సడలిన లిగమెంట్లు ఇంకా కుదుటపడకముందే పెద్ద బరువు పడుతుంది. నాలుగైదు నిమిషాలు నిటారుగా నడిచాక ఎత్తితే కొంత నయం. గంటల కొద్దీ ముందుకు ఒరిగి బీడీలు చుట్టేవారికి, కుట్టుమిషన్ దగ్గర కూర్చునేవారికి, ల్యాప్‌టాప్‌ను ఒళ్లో పెట్టుకుని పనిచేసేవారికి కూడా ఇదే వర్తిస్తుంది. వీరి నడుము రోజంతా వంగే ఉంటుంది. సాయంత్రం మళ్లీ వంచి సాగదీయడం కంటే లేచి వెనక్కి వాలడం, నడవడం వీరికి ఎక్కువ అవసరం.

చాప మీద

వీపు కండరాలను సాగదీయడానికి సురక్షితమైన చోటు నేల. మెత్తని పరుపు మీద నడుముకు ఆధారం ఉండదు. చాప మీద దుప్పటి మడిచి వేసుకుంటే చాలు. ముందు ఐదు నిమిషాలు ఇంట్లోనే నడిస్తే కండరాలు కాస్త వేడెక్కుతాయి.

మొదట మోకాళ్లు, అరచేతులు నేలకు ఆనించాలి. పిల్లలను వీపుపై ఎక్కించుకుని ఏనుగు ఆట ఆడేటప్పటి భంగిమ ఇది. ఊపిరి వదులుతూ వీపును పైకి గుండ్రంగా తేవాలి, ఊపిరి పీలుస్తూ మెల్లగా కిందికి దించాలి. యోగాలో మార్జాలాసనం అంటారు. ఇక్కడ చివరి హద్దు దాకా నొక్కిపట్టడం ముఖ్యం కాదు, నడుము అటూ ఇటూ సాఫీగా కదలడం ముఖ్యం. బరువు చేతులు, మోకాళ్ల మీద పంచుకోవడం వల్ల వెన్నెముకపై భారం తక్కువ. ఆరేడు సార్లు చాలు. అదే భంగిమ నుంచి పిరుదులను మడమల వైపు వెనక్కి జరిపి, చేతులు ముందుకు చాచి, నుదురు నేలకు దగ్గరగా తెస్తే నడుము నుంచి చంకల వరకు వీపు పక్క కండరాలు సాగుతాయి. ఇది బాలాసనం. మోకాళ్ల నొప్పులు ఉంటే మడమలకు, పిరుదులకు మధ్య దిండు పెట్టుకోవచ్చు.

తర్వాత వెల్లకిలా పడుకుని, రెండు మోకాళ్లూ మడిచి పాదాలు నేలకు ఆనించాలి. ఒక మోకాలిని రెండు చేతులతో పట్టుకుని ఛాతీ వైపు తెచ్చుకోవాలి, ఐదారు శ్వాసలు ఆగాలి, దించి రెండోది. రెండు మోకాళ్లూ ఒకేసారి తేవడం అలవాటయ్యాక చూసుకోవచ్చు. దించేటప్పుడు మాత్రం ఒక్కొక్కటిగానే దించాలి. రెండు కాళ్లూ చాచి ఒకేసారి దించితే నడుము నేల నుంచి పైకి లేచి బిగుసుకుంటుంది. అదే పడకలో మోకాళ్లు రెండింటినీ కలిపి కుడివైపుకు, తర్వాత ఎడమవైపుకు వాల్చవచ్చు. భుజాలు నేలను వదలకూడదు. మోకాళ్లు నేలకు తగలకపోతే తగలకపోనివ్వాలి. చేత్తో నొక్కి తగిలించాలనే పట్టుదల ఇక్కడ చాలామందిని దెబ్బతీస్తుంది.

తొడ వెనక కండరాలు కటి ఎముకకు అతుక్కుని ఉంటాయి. అవి బిగుసుకుంటే వంగినప్పుడు కటి కదలక, వంగే భారమంతా నడుముపై పడుతుంది. నిలబడి కాలివేళ్లు అందుకోవడానికి ప్రత్యామ్నాయం ఇదీ: వెల్లకిలా పడుకుని ఒక అరికాలికి తువ్వాలు తగిలించి, రెండు కొసలూ చేతుల్లో పట్టుకుని, కాలిని నెమ్మదిగా పైకి లేపాలి. మోకాలు కొంచెం వంగినా పరవాలేదు. తొడ వెనక లాగితే సరే. పిక్కలోకో పాదంలోకో జివ్వుమంటే, తిమ్మిరి ఎక్కితే సాగుతున్నది కండరం కాదు, నరం. వెంటనే దించేయాలి.

చివరగా బోర్లా పడుకుని మోచేతుల మీద ఛాతీ లేపి ఉండడం. దీని వెనక ఒక ప్రసిద్ధ కథ ఉంది. 1956లో న్యూజిలాండ్ ఫిజియోథెరపిస్ట్ రాబిన్ మెకెంజీ దగ్గరికి వచ్చిన ఒక రోగి, పొరపాటున తలవైపు ఎత్తుగా లేపి ఉన్న బల్లపై బోర్లా పడుకుని, కాసేపు అలాగే ఉండిపోయాడు. అప్పటి లెక్క ప్రకారం నడుము నొప్పికి అది ప్రమాదకరమైన భంగిమ. కంగారుగా వచ్చిన మెకెంజీకి, వారాలుగా వేధిస్తున్న కాలి నొప్పి పోయిందని రోగి చెప్పాడు. ఆ తర్వాత మెకెంజీ రూపొందించిన పద్ధతి ప్రపంచమంతా వ్యాపించింది. దాని నుంచి ఇంట్లో చేసుకునేవారికి పనికొచ్చే గుర్తు ఒకటుంది. ఏదైనా కదలిక చేస్తున్నప్పుడు కాలిలోని నొప్పి పైకి, నడుము మధ్యకు చేరుతుంటే, నడుములో కాస్త ఎక్కువైనా సరే, అది మంచి సూచన. నడుములోని నొప్పి పిరుదుకు, తొడకు, పిక్కకు దిగుతుంటే ఆ కదలిక ఆపేయాలి.

లేచేటప్పుడు పక్కకు ఒత్తిగిలి, చేతి ఆసరాతో లేవాలి. వీటిలో ఏ భంగిమలోనూ ఊపిరి బిగపట్టకూడదు, రక్తపోటు ఉన్నవారు మరీ.

ఎవరికి ఏది కూడదు

ఒకరికి మేలు చేసిన సాగదీత ఇంకొకరికి కీడు చేయవచ్చు. వయసు పైబడ్డాక కొందరిలో వెన్నుపాము వెళ్లే మార్గం ఇరుకవుతుంది. వారు కొంత దూరం నడవగానే కాళ్లు లాగుతాయి, కూర్చుంటేనో ముందుకు వంగితేనో తగ్గుతుంది. బోర్లా పడుకుని వెనక్కి వాలే భంగిమ వీరికి సరిపడదు, మోకాళ్లు ఛాతీకి తెచ్చుకోవడం సరిపడుతుంది. డిస్కు వల్ల కాలు లాగే చాలామంది యువకుల్లో సరిగ్గా దీనికి తిరగబడి ఉంటుంది.

ఎముకలు గుల్లబారిన స్త్రీల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. అమెరికాలోని మేయో క్లినిక్‌లో మెహర్షీద్ సినాకి, మికెల్సన్ 1984లో ప్రచురించిన అధ్యయనంలో నెలసరి ఆగిపోయి, వెన్నెముక గుల్లబారిన 59 మంది స్త్రీలు ఉన్నారు. వెనక్కి వాలే వ్యాయామాలు చేసినవారిలో 16 శాతం మందికి కొత్తగా వెన్నుపూసలు విరిగాయి. ముందుకు వంగే వ్యాయామాలు చేసినవారిలో ఆ సంఖ్య 89 శాతం. ఏ వ్యాయామమూ చేయనివారిలో 67 శాతం. చిన్న అధ్యయనమే, వంగే వ్యాయామాల గుంపులో ఉన్నది 9 మందే. అయినా, నడుము పట్టిందని వంగి కాలివేళ్లు అందుకోమని అమ్మమ్మకో నానమ్మకో సలహా ఇచ్చే ముందు ఆ అంకెలు గుర్తుంచుకోవడం మంచిది. ఎదురుకాళ్లతో పుట్టినవారితో నడుము తన్నించుకోవడం, తొక్కించుకోవడం వంటి అలవాట్లు ఇప్పటికీ అక్కడక్కడా ఉన్నాయి. గుల్లబారిన వెన్నుపూసకు అంత దెబ్బ కూడా అవసరం లేదు, ఒక్కోసారి గట్టి దగ్గుకే అది నలిగిపోతుంది.

కొన్ని లక్షణాలు ఉంటే సాగదీసే ఆలోచనే పక్కన పెట్టాలి. మూత్రం, మలం మీద అదుపు తప్పడం లేదా మూత్రం రాకపోవడం, తొడల మధ్య స్పర్శ తెలియకపోవడం, కాళ్లలో బలం తగ్గుతూ రావడం కనిపిస్తే వెన్నుపాము అడుగున గుర్రపు తోకలా ఉండే నరాల గుత్తి నలిగిందేమో అని అనుమానించాలి. అది గంటల మీద తేలాల్సిన వ్యవహారం, నేరుగా ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లాలి. జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం ఉంటే వెన్నుపూసలకు సోకే క్షయ కావచ్చు, మన దేశంలో అది అరుదేమీ కాదు. పడిపోయాక మొదలైన నొప్పి, గతంలో క్యాన్సర్ వచ్చినవారిలో కొత్తగా వచ్చిన నొప్పి, పడుకున్నా ఏమాత్రం తగ్గని నొప్పి కూడా డాక్టరు చూడవలసినవే. గర్భిణులు, వెన్నుకు శస్త్రచికిత్స అయినవారు అడిగాకే మొదలుపెట్టాలి.

ఇలాంటి కారణం ఏదీ కనిపించని మామూలు నడుము నొప్పులే పదింట తొమ్మిది. స్కానింగ్ రిపోర్టులో ‘డిస్క్ బల్జ్’ అని చూసి కదలడమే మానేసేవారికి ఒక సమాచారం ఉపయోగపడుతుంది. ఏ నొప్పీ లేని 3,110 మంది స్కాన్‌లపై 2015లో వచ్చిన సమీక్షలో 20 ఏళ్లవారిలో 30 శాతం మందికి, 80 ఏళ్లవారిలో 84 శాతం మందికి డిస్కు ఉబ్బి కనిపించింది.

సాగదీత నుంచి ఎంత ఆశించవచ్చు

నొప్పి కొత్తగా పట్టుకున్న రోజుల్లో దాదాపు ఏమీ ఆశించనక్కర్లేదు. ఫిన్లాండ్‌లోని హెల్సింకిలో 1995లో వెలువడిన ప్రయోగంలో, అప్పుడే నడుము పట్టినవారిలో కొందరికి రెండు రోజుల పడక విశ్రాంతి, కొందరికి నడుమును కదిలించే వ్యాయామాలు ఇచ్చారు. మిగిలినవారిని ఓర్చుకోగలిగినంతలో రోజువారీ పనులు చేసుకోమన్నారు. అందరికంటే త్వరగా కోలుకున్నది ఈ మూడో గుంపు. సాగదీత ఫలితం ఇచ్చేది పాతబడిన నొప్పిలో. అమెరికాలో కరెన్ షెర్మన్ బృందం 228 మందిపై చేసి 2011లో ప్రచురించిన ప్రయోగంలో పన్నెండు వారాల యోగా తరగతులు, అన్నే వారాల సాగదీత తరగతులు దాదాపు సమానంగా పనిచేశాయి. పుస్తకం చదువుకుని ఇంట్లో చేసుకున్నవారి కంటే రెండు గుంపులవారూ మెరుగయ్యారు. పుస్తకం వాడినవారు వెనకబడ్డారంటే, భంగిమను ఒక్కసారైనా ఫిజియోథెరపిస్ట్ కళ్ల ముందు సరిచూసుకోవడంలో అర్థం ఉంది.

తగ్గిన నొప్పి తిరగబెట్టకుండా చూసే విషయంలో సాగదీత కంటే నడకకు ఎక్కువ ఆధారాలు ఉన్నాయి. ఆస్ట్రేలియాలో 701 మందితో జరిపి 2024లో లాన్సెట్ పత్రికలో ప్రచురించిన ప్రయోగంలో, మెల్లమెల్లగా నడక పెంచుకుంటూ పోయినవారికి నొప్పి మళ్లీ రావడానికి మధ్యస్థంగా 208 రోజులు పట్టింది, మిగతావారికి 112 రోజులు. ఆ నడక కార్యక్రమం లక్ష్యం వారానికి ఐదు రోజులు, రోజుకు అరగంట.